పాత కారులోని అసలు ఏసీని తిరిగి పనిచేయించడం ఎలా

రాయలసీమలో పాత కారు ఉంచుకున్నవారు ఏసీ చల్లగా రావడం లేదని ఎవరికి చెప్పినా వినిపించే మొదటి సలహా గ్యాస్ నింపించమనే. నా 1992 నాటి కాంటెస్సా క్లాసిక్‌కు అనంతపురంలో ఒకే వేసవిలో మూడుసార్లు గ్యాస్ నింపించాను. నింపించిన ప్రతిసారీ పది పన్నెండు రోజులు చల్లగా ఉండేది, ఆ తరువాత వట్టి గాలి వచ్చేది. ఏసీలోని గ్యాస్ పెట్రోలులాగా వాడకంలో ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది, కనుక తగ్గిందంటే ఎక్కడో కారిపోయిందనే అర్థం. పైగా గ్యాస్ కారిపోయిన చోటి నుంచి గాలి, తేమ లోపలికి చేరే వీలుంటుంది. అందువల్ల ఈ పనిలో గ్యాస్ నింపడాన్ని మొదటి మెట్టుగా కాక చిట్టచివరి మెట్టుగా పెట్టుకోండి. దానికి ముందు వ్యవస్థను శుభ్రంగా, పొడిగా, కారకుండా చేయాలి. గాలి సరిగా ఆడేలా చూడాలి.

అసలు ఏసీని కాపాడడం అంటే ఏమిటో ముందే తేల్చుకోవాలి. చాలామంది డాష్‌బోర్డు కింద కొత్త ప్లాస్టిక్ యూనిట్ బిగించి, కారుతో వచ్చిన నాబులను, గాలి వచ్చే జాలీలను పీకేస్తారు. ఒకసారి కోసిన డాష్‌బోర్డు మళ్లీ దొరకదు. కూర్చున్నవారి కంటికి కనిపించేవన్నీ, అంటే జాలీలు, మీటలు, కూలింగ్ కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) పెట్టె, గాలిని తోసే బ్లోయర్, కారుతో వచ్చినవే ఉండాలి. బానెట్ కింద మాత్రం ఎండకు తట్టుకోవడానికి అవసరమైనవి మార్చుకోవచ్చు. నేను ఈ పద్ధతినే పాటించాను, మీకూ ఇదే చెబుతాను.

మొదట మీ కారులో ఉన్నది ఏ గ్యాసో తెలుసుకోండి. 1990ల తొలి సంవత్సరాల వరకు వచ్చిన కార్లలో ఆర్-12 అనే గ్యాస్ ఉండేది. గ్యాస్ నింపే మూతుల దగ్గర మరలు ఉండి, గొట్టాన్ని తిప్పి బిగించవలసి వస్తే అది ఆర్-12 కాలపు అమరిక. నొక్కితే టక్కున పట్టుకునేలా, రెండు వైపులా వేరువేరు కొలతల్లో ఉంటే ఎవరో అప్పటికే దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఏ గ్యాస్‌కు మార్చారని అర్థం. ఓజోన్ పొరను దెబ్బతీసే వాయువులపై 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, భారతదేశం 1992లో అందులో చేరింది. 2008 ఆగస్టు నుంచి, ఆస్తమా ఇన్‌హేలర్లకు కావలసినది మినహా, మన దేశంలో ఆర్-12 వంటి సీఎఫ్‌సీల తయారీ ఆగిపోయింది. కాబట్టి ఇప్పుడు ఎవరైనా ఆర్-12 అని చెప్పి డబ్బా చూపిస్తే అందులో ఏముందో నమ్మడం కష్టం. అందుకే ఇక్కడ చెప్పేదంతా ఆర్-134ఏకు మారడం గురించే. మీ కారులో పాత గ్యాస్ కొంత మిగిలి ఉంటే దాన్ని గాలిలోకి వదలకండి. గ్యాసును తిరిగి పట్టే యంత్రం ఉన్న చోటికి తీసుకువెళ్లి తీయించండి. రెండు గ్యాసులను ఎట్టిపరిస్థితుల్లోనూ కలపకండి, ఆ మిశ్రమం పీడనం దేనికదిగా ఉన్నప్పటికంటే ఎక్కువవుతుంది. వంటగ్యాస్ నింపుతామనే వారి దగ్గరికి అసలు వెళ్లకండి. కూలింగ్ కాయిల్ కారు లోపలే ఉంటుంది, అది కారితే మంటలు అంటుకునే గ్యాస్ మీ పిల్లలు కూర్చున్న చోట నిండుతుంది.

ఇక పరీక్ష మొదలుపెట్టండి. ఇంజిన్ ఆపి, గ్యాసును నొక్కి తిప్పే కంప్రెసర్ ముందు భాగంలోని క్లచ్ పళ్లాన్ని (ఏసీ వేసినప్పుడు కంప్రెసర్‌ను పుల్లీతో కలిపేది ఇదే) చేత్తో తిప్పి చూడండి. లోపల పిస్టన్లు కదులుతున్నట్టు కొద్ది కొద్దిగా అడ్డం తగులుతూ నున్నగా తిరగాలి. పూర్తిగా పట్టేసినా, గరగరమన్నా కంప్రెసర్ లోపల దెబ్బతిన్నది. ఏళ్ల తరబడి ఆగిపోయిన కంప్రెసర్‌ను నేరుగా ఇంజిన్‌తో తిప్పితే ఎండిపోయిన షాఫ్ట్ సీలు చిరుగుతుంది, అందువల్ల ముందు చేత్తో పది పదిహేను చుట్లు తిప్పాలి. క్లచ్ కాయిల్‌ను మల్టీమీటరుతో కొలిస్తే సుమారు 3 నుంచి 4 ఓములు రావాలి. మీ కారులో ఉన్నది శాండెన్ 508 రకం, అంటే 5 పిస్టన్లతో, 138 సీసీ సామర్థ్యంతో ఉండే కంప్రెసర్ అయితే, క్లచ్ పళ్లానికీ పుల్లీకీ మధ్య సందు 0.4 నుంచి 0.8 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. ఫీలర్ గేజ్‌తో చూడండి. సందు పెరిగిపోతే ఇంజిన్ వేడెక్కాక క్లచ్ పట్టడం మానేస్తుంది, దాన్ని గ్యాస్ తగ్గిందని పొరబడేవారు ఎంతోమంది. బ్లోయర్‌కూ క్లచ్‌కూ వెళ్లే పాత తీగలు ఎండకు పెళుసెక్కి ఉంటాయి కనుక, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్) పెట్టి, ఫ్యూజుతో కొత్త తీగ లాగించడం మంచిది.

వ్యవస్థలో గ్యాస్ లేదని పీడనం చూపే గేజ్‌తో నిర్ధారించుకున్నాకే బిగింపులు విప్పాలి. కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు తప్పనిసరి, ఎందుకంటే ద్రవరూపంలో ఉన్న గ్యాస్ చర్మం మీద పడితే సున్నాకు ఎంతో దిగువ చలితో మాంసం గడ్డకట్టి కాలినంత గాయమవుతుంది. ఆ దరిదాపుల్లో బీడీ, సిగరెట్, వెల్డింగ్ మంట ఉండకూడదు. మంటలో పడిన గ్యాస్ విషవాయువులుగా మారుతుంది. ప్రతి నట్టుకూ రెండు స్పానర్లు వాడండి, ఒకటి తిప్పడానికి, రెండోది గొట్టం మెలితిరగకుండా పట్టుకోవడానికి. పాత అల్యూమినియం గొట్టం ఒక్కసారి మెలిపడితే అది పనికిరాదు. విప్పిన ప్రతి మూతినీ వెంటనే ప్లాస్టిక్ బిరడాతో గానీ టేపుతో గానీ మూసేయండి. మన ప్రాంతంలో గాలి పొడిగా ఉంటుంది, అది కలిసివచ్చే విషయమే. అయితే ఆ గాలిలోనే సన్నని ఎర్రమట్టి ఉంటుంది. కూలింగ్ కాయిల్‌లోకి గ్యాసును సన్నని రంధ్రం గుండా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌ను మూసేయడానికి ఒక్క చిటికెడు మట్టి చాలు.

కంప్రెసర్‌లోని ఆయిల్‌ను కొలపాత్రలోకి వంచి, ఎంత వచ్చిందో రాసుకుని, తెల్లని గుడ్డ మీద ఒక చుక్క వేసి చూడండి. లేత పసుపు రంగులో ఉంటే ధైర్యంగా ముందుకు సాగవచ్చు. నల్లగా ఉండి, అందులో వెండి రంగు నలుసులు మెరుస్తుంటే కంప్రెసర్ లోపల అరిగి, ఆ లోహపు పొడి గొట్టాలంతటా పాకిందని అర్థం. అప్పుడు కంప్రెసర్‌ను ఒక్కదాన్నే మార్చితే కొత్తది కూడా కొద్దికాలంలోనే పాడవుతుంది. గొట్టాలను, కూలింగ్ కాయిల్‌ను ఏసీకి తయారుచేసిన ఫ్లషింగ్ ద్రావణంతో కడిగి, పొడి నైట్రోజన్‌తో ఆరబెట్టండి. కిరసనాయిలు, పెట్రోలు, థిన్నర్ వాడవద్దు. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ గాలిలో నీటి ఆవిరీ నూనే ఉంటాయి కనుక అదీ పనికిరాదు. కంప్రెసర్‌ను, ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌ను, గ్యాస్‌లోని తేమను పీల్చే డ్రయ్యర్‌ను ఈ ద్రావణంతో కడగకూడదు.

ఇప్పుడు చాలామంది దాటవేసే పని దగ్గరికి వస్తున్నాము. డాష్‌బోర్డు విప్పి కూలింగ్ కాయిల్ పెట్టెను బయటికి తీయాలి. ఇది ఒక రోజంతా పట్టే పని; ప్రతి మరను ఏ రంధ్రంలోనిదో గుర్తు పెట్టి కవరులో వేసుకోండి, ప్రతి దశలో ఫోటో తీసుకోండి. నా కారు పెట్టె తెరిచినప్పుడు వేపాకులు, ఎలుక చేర్చిన శనక్కాయ పొట్టు, తడిసి ఎండిన మట్టి కలిసి కాయిల్ ముఖంలో సగానికి పైగా కప్పేశాయి. గ్యాస్ ఎంత నింపినా ఆ కాయిల్ గుండా గాలి పోయే దారే లేదు. కాయిల్‌ను మెత్తని బ్రష్షుతో, తక్కువ ధారతో నీళ్లు పోస్తూ, రెక్కలు వంగకుండా కడగాలి. పెట్టె అడుగున నీళ్లు పోయే గొట్టాన్ని తీగతో పొడిచి శుభ్రం చేయాలి. మే నెలలో అనంతపురం గాలిలో తేమ తక్కువ కనుక ఆ గొట్టం నుంచి నీళ్లు పెద్దగా కారవు, అందుకు కంగారుపడనక్కరలేదు. వానాకాలంలో కూడా కారకపోతే మాత్రం గొట్టం మూసుకుపోయినట్టే.

పెట్టె అంచుల్లోనూ, గాలిని మళ్లించే తలుపుల మీదా ఉన్న స్పాంజి ముప్పై ఏళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది. దాని స్థానంలో నీరు పీల్చని, లోపలి సన్న గదులు మూసి ఉన్న (క్లోజ్డ్ సెల్) ఫోమ్ పట్టీని అతికించండి. ఈ పట్టీ లేకపోతే చల్లబడిన గాలి డాష్‌బోర్డు వెనుకనే చెల్లాచెదురవుతుంది, బయటి వేడిగాలి లోపలికి తోసుకువస్తుంది. హీటరు ఉన్న కార్లలో ఇంకొక చిక్కు ఉంది. మన దగ్గర హీటరు వాడినవారే ఉండరు కనుక, దాని నీటి కుళాయి ఏ స్థితిలో ఉందో ఎవరూ చూడరు. అది పట్టేసి కొద్దిగా తెరుచుకుని ఉంటే ఇంజిన్ నుంచి 80 డిగ్రీలు దాటిన నీళ్లు కూలింగ్ కాయిల్ పక్కనే ఉన్న హీటరు కాయిల్‌లో రోజంతా తిరుగుతుంటాయి. ఇంజిన్ బాగా వేడెక్కాక, కుళాయి మూసి, దాని అవతలి గొట్టాన్ని చేత్తో తాకి చూడండి. అది కూడా వేడిగా ఉంటే కుళాయి మార్చండి, దొరక్కపోతే రెండు గొట్టాలనూ ఇంజిన్ దగ్గరే కలిపేసి హీటరుకు నీళ్లు వెళ్లకుండా చేయండి. అసలు భాగాలను చెడగొట్టని మార్పు ఇది, ఎప్పుడు కావాలన్నా వెనక్కి తిప్పవచ్చు. నా కారులో ఈ ఒక్క పనితోనే జాలీ దగ్గరి గాలి 4 డిగ్రీలు తగ్గింది.

కండెన్సర్ విషయంలో ఎండ లెక్క వేసుకోవాలి. కారు లోపలి వేడిని బయట పారబోసేది అదే. బయట గాలి 42 డిగ్రీలు, తారురోడ్డు మీది గాలి అంతకంటే ఎక్కువ. ఆ గాలిలోకి వేడి పోవాలంటే కండెన్సర్ ఇంకా వేడిగా ఉండక తప్పదు. గ్యాస్ 60 డిగ్రీల దగ్గర ద్రవంగా మారుతోందనుకుంటే, ఆర్-12కు పీడనం సుమారు 207 పీఎస్‌ఐ (పీడనం కొలిచే ప్రమాణం), ఆర్-134ఏకు సుమారు 229. అంటే అదే కండెన్సర్‌తో కొత్త గ్యాస్ వాడితే కంప్రెసర్ మీద భారం పెరుగుతుంది. గొట్టం మెలికలు తిరిగి, రెక్కలు తొడిగిన పాత రకం కండెన్సర్ చలి ప్రదేశంలో సరిపోవచ్చు గానీ, గుత్తి దగ్గర మధ్యాహ్నం లారీల వెనుక నిలబడితే సరిపోదు. కనుక పాతదాన్ని శుభ్రం చేసి ఇంట్లో భద్రపరచండి, అదే చట్రంలో పట్టే కొలతతో, సన్నని చదును గొట్టాలు పక్కపక్కన ఉండే ప్యారలల్ ఫ్లో కండెన్సర్ పెట్టించండి. బానెట్ ఎత్తితే తప్ప ఈ మార్పు కనిపించదు. నేను వెనుకాడకుండా చెప్పగలిగిన సలహాల్లో ఇది మొదటిది.

కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య పక్కల ఉన్న సందులను ఫోమ్ పట్టీలతో మూయాలి, లేకపోతే గాలి సులువైన దారి చూసుకుని ఆ సందుల్లోంచి తప్పించుకుంటుంది. ముందువైపు గాలిని లోపలికి తోసే విద్యుత్ ఫ్యాన్ ఒకటి బిగించి, క్లచ్‌తో పాటు తిరిగేలా రిలేతో కలపండి. రేడియేటర్‌ను కూడా ఇప్పుడే కడిగించండి; కండెన్సర్ వదిలిన వేడిగాలే దాని మీదికి పోతుంది కనుక, ఏసీ లేనప్పుడు బొటాబొటిగా నెట్టుకొచ్చిన రేడియేటర్ ఏసీ వేయగానే చేతులెత్తేస్తుంది.

గొట్టాల విషయంలో మన జిల్లాల్లో ఒక ప్రత్యేకమైన పొరపాటు జరుగుతుంది. తాడిపత్రి, బేతంచెర్ల వైపు రాతి యంత్రాలకు, జేసీబీలకు హైడ్రాలిక్ గొట్టాలు బిగించే దుకాణాలు ఉంటాయి, పాత గొట్టం చూపిస్తే నిమిషాల్లో కొత్తది చేసి ఇస్తారు. ఆ గొట్టం ఎంత పీడనమైనా తట్టుకుంటుంది, కానీ గ్యాస్‌ను మాత్రం ఆపలేదు. ఆర్-134ఏ అణువు చిన్నది, మామూలు రబ్బరు గోడలోంచి మెల్లగా బయటికి పోతుంది. లోపల నైలాన్ పొర ఉన్న బ్యారియర్ గొట్టమే కావాలి. దాన్ని బిగించే అచ్చు కూడా వేరు, హైడ్రాలిక్ అచ్చు సరిపోదు. మీ కారు పాత చివరలను కోయించి, వాటికే కొత్త బ్యారియర్ గొట్టం బిగింపజేయండి, అప్పుడు గొట్టాల వంపులు అసలు చోటనే కూర్చుంటాయి. దగ్గరలో దొరకనివాటికి నేను బెంగళూరు జేసీ రోడ్డుకు వెళ్లాను. పాత భాగాన్ని చేత్తో పట్టుకుని వెళ్లడమే మంచిది, ఫోన్‌లో చెప్పిన కొలతలు సరిపోవు.

బిగించేటప్పుడు ఓ రింగులన్నిటినీ, అంటే బిగింపుల దగ్గర కారకుండా ఆపే రబ్బరు ఉంగరాలను, మార్చాలి. ఆర్-134ఏకు సరిపడే హెచ్‌ఎన్‌బీఆర్ రకానివి, సాధారణంగా ఆకుపచ్చగా ఉండేవి వాడండి; మినరల్ ఆయిల్ కొద్దిగా రాసి కూర్చోబెట్టండి. ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌ను కొత్త గ్యాస్‌కు తగినది వేయండి, దాని బల్బును కూలింగ్ కాయిల్ నుంచి బయటికి వచ్చే గొట్టానికి గట్టిగా కట్టి, పైన టేపు చుట్టండి. బల్బు వదులుగా ఉంటే వాల్వ్‌కు కాయిల్ చలి తెలియదు. పీడనం మరీ పెరిగినా, మరీ తగ్గినా క్లచ్‌ను ఆపే ప్రెషర్ స్విచ్ పాత కారులో లేకపోతే తప్పక పెట్టించండి. ఆయిల్ సంగతికి వస్తే, ఆర్-12తో వాడిన మినరల్ ఆయిల్ ఆర్-134ఏలో కలిసి ప్రయాణించదు, కంప్రెసర్‌కు తిరిగి చేరదు. పాత ఆయిల్‌ను పూర్తిగా కడిగేస్తే పీఏజీ అనే కృత్రిమ ఆయిల్ పోయవచ్చు. ఎక్కడైనా కొంత మిగిలి ఉంటుందన్న అనుమానం ఉంటే పీఓఈ అనే మరో రకం కృత్రిమ ఆయిల్ మేలు. రెండూ తేమను పీల్చుకుంటాయి కనుక డబ్బా మూత తెరిచి ఉంచకండి, సగం వాడి నిరుడు దాచిన డబ్బా వాడకండి. డ్రయ్యర్‌ను అన్నిటికంటే చివర, వ్యవస్థను మూసి పరీక్షించే ముందే బిరడా తీసి బిగించాలి.

తరువాత కారుతున్నదేమో చూడాలి. రెగ్యులేటర్ పెట్టిన సిలిండరు నుంచి పొడి నైట్రోజన్‌ను మెల్లగా 150 పీఎస్‌ఐ దాటకుండా ఎక్కించి, ప్రతి బిగింపు మీదా, షాఫ్ట్ సీలు దగ్గరా సబ్బు నురుగు రాసి చూడండి. వెల్డింగ్ షాపులో నైట్రోజన్ లేదని ఆక్సిజన్ ఇస్తే తీసుకోవద్దు; ఆయిల్ ఉన్న గొట్టాల్లో ఒత్తిడితో ఆక్సిజన్ చేరితే పేలుతుంది. ఇది ప్రాణాలకు సంబంధించిన మాట. గేజ్ ఎంత చూపుతోందో రాసుకుని ఒక రాత్రి అలాగే ఉంచి, ఉదయం వాతావరణం అంతే వేడిగా ఉన్నప్పుడు పీడనం తగ్గిందేమో చూడండి.

నైట్రోజన్‌ను బయటికి వదిలేసి, లోపలి గాలిని లాగేసే వ్యాక్యూమ్ పంపును కనీసం 45 నిమిషాలు, వ్యవస్థ ఎక్కువకాలం తెరిచి ఉంటే గంటకు పైగా నడపండి. పీడనం బాగా తగ్గినప్పుడు లోపలి తేమ మామూలు వేడికే మరిగి ఆవిరై పంపు గుండా పోతుంది. పుస్తకాల్లో 29.9 అంగుళాల వ్యాక్యూమ్ రావాలని రాస్తారు, అది సముద్ర మట్టపు లెక్క. అనంతపురం సుమారు 335 మీటర్ల ఎత్తులో ఉంది కనుక ఇక్కడ గేజ్ 28.7 దగ్గర ఆగిపోతే అది పంపు లోపం కాదు. కడప అంతకంటే పల్లంలో ఉంది కనుక అక్కడ 29.4 దాకా వస్తుంది. పంపు ఆపి, వాల్వులు మూసి, అరగంట చూడండి. ముల్లు కదలకపోతేనే గ్యాస్ దగ్గరికి వెళ్లాలి.

గ్యాస్ డబ్బాను కూడా పరీక్షించవచ్చు. రాత్రంతా గదిలో ఉంచి, గది వేడి చూసుకుని, గేజ్ తగిలించండి. అసలైన ఆర్-134ఏ అయితే 30 డిగ్రీల దగ్గర సుమారు 97 పీఎస్‌ఐ, 35 దగ్గర సుమారు 114 చూపాలి. పది, పదిహేను తేడా ఉంటే ఆ డబ్బా తిరిగి ఇచ్చేయండి. నింపేటప్పుడు డబ్బాను తూకం మీద నిలువుగా పెట్టి, కారులో రాసి ఉన్న ఆర్-12 తూకంలో నూటికి 80 పాళ్లతో మొదలుపెట్టండి. 1,000 గ్రాములని ఉంటే 800 గ్రాములు. ఈ లెక్క పాత కండెన్సర్‌కు సంబంధించినది. చదును గొట్టాల కండెన్సర్‌లో గ్యాస్ ఇంకా తక్కువ పడుతుంది కనుక, చివరి వంద గ్రాములను గేజ్ చూస్తూ కొంచెం కొంచెంగా ఎక్కించండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు తక్కువ పీడనం ఉన్న వైపు నుంచే ఎక్కించాలి. ఎక్కువ పీడనం వైపు వాల్వ్‌ను అప్పుడు తెరిస్తే కంప్రెసర్ ఒత్తిడి డబ్బాలోకి పోయి డబ్బా పగులుతుంది. గ్యాస్ నెమ్మదిగా ఎక్కుతుంటే డబ్బాను గోరువెచ్చని నీళ్లలో పెట్టవచ్చు, మరిగే నీళ్లలోనో మంట మీదో కాదు.

ఇంజిన్‌ను నిమిషానికి 1,500 చుట్ల దగ్గర ఉంచి, బ్లోయర్ పూర్తిగా పెట్టి, తలుపులు తెరిచి, గేజ్‌లు చూడండి. బయట 40 డిగ్రీలు ఉంటే ఎక్కువ వైపు 230 నుంచి 260, తక్కువ వైపు 25 నుంచి 40 పీఎస్‌ఐ మధ్య ఉండడం సరైనది. ఎక్కువ వైపు 300 దాటితే ఆపేసి, తరువాత మళ్లీ నడుపుతూ కండెన్సర్ మీద ఒక చెంబెడు నీళ్లు చల్లండి. పీడనం వెంటనే పడిపోయి చల్లదనం పెరిగితే లోపం గాలి ఆడకపోవడంలో ఉంది, ఫ్యాన్ దగ్గరికి వెళ్లండి. రెండు వైపులా పీడనం దగ్గర దగ్గరగా ఉంటే కంప్రెసర్ నొక్కలేకపోతోంది. తక్కువ వైపు సున్నా కిందికి పోతే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూసుకుపోయింది. డ్రయ్యర్ పైని గాజు కన్నులో బుడగలు పోయేదాకా నింపడం ఆర్-12 కాలపు అలవాటు. ఆర్-134ఏతో అది నమ్మదగిన గుర్తు కాదు, అలా చేస్తే గ్యాస్ ఎక్కువైపోతుంది. చివరగా తలుపులు మూసి, లోపలి గాలే తిరిగేలా మీట పెట్టి, మధ్య జాలీలో థర్మామీటరు గుచ్చి పది నిమిషాలు నడపండి. నా కారులో 41 డిగ్రీల మధ్యాహ్నం బెంగళూరు రోడ్డు మీద 11 డిగ్రీలు, సప్తగిరి సర్కిల్ దగ్గర ఆగినప్పుడు 16 డిగ్రీలు వస్తున్నాయి. ఇన్నేళ్ల నాటి పెట్టె నుంచి ఇంతకు మించి ఆశించనక్కరలేదు.

చలికాలంలో కూడా వారానికి ఒకసారి పది నిమిషాలు ఏసీ వేయండి. ఆయిల్ తగలకపోతే షాఫ్ట్ సీలు మళ్లీ ఎండిపోతుంది. బానెట్ లోపల, పాత ఆర్-12 చీటీని చెరపకుండా దాని పక్కనే, ఇప్పుడు ఉన్నది ఆర్-134ఏ అని, ఎన్ని గ్రాములు నింపారో, ఏ ఆయిల్ ఎంత పోశారో, ఏ తేదీన చేశారో చెరగని సిరాతో రాసి అతికించండి.